చెప్పి వచ్చే తనిఖీయే మేలు

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దలు అంటారు. కంప్యూటరుతో పనిచేసే మనవాళ్లు కొందరు ఆ జాబితాలో డిస్కు తనిఖీని కూడా చేర్చేశారు. పొద్దున్నే స్విచ్ వేస్తే మామూలు తెర రాదు. నల్లటి తెర మీద శాతాలు నత్తనడకన కదులుతుంటాయి. ఎంతసేపు పడుతుందో తెలియదు, ఈ రోజే ఎందుకు వచ్చిందో తెలియదు. మన ఖర్మ అనుకుని కూర్చుంటాం. కానీ మిత్రులారా, అది ఖర్మ కాదు, కూడికలు తీసివేతల లెక్క. ఆ లెక్క డిస్కు మీదే రాసి ఉంటుంది. చదివితే తనిఖీ ఎప్పుడు రాబోతోందో ముందే తెలుస్తుంది. ముందే తెలుసుకోవాలనీ, అందుకు ప్రతి హాస్టలు కంప్యూటరులో ఒక చిన్న స్క్రిప్టు ఉండాలనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను ఈ హాస్టల్లో ఉండి చదువుకుని ఇప్పుడు పీజీ చేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా నాతోనే మొదలు. మా అమ్మ మిరప కోతలకూ, పత్తి తీతలకూ వెళుతుంది. అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన మనలో సొంత కంప్యూటరు ఉన్నవాళ్లు తక్కువ. హాస్టల్లోనో, కాలేజీ ల్యాబులోనో పదిమందికి ఒకటి. ఇవాళ చేతిలో సెల్‌ఫోను ఉన్నా ప్రాజెక్టు రిపోర్టు రాయాలన్నా, ప్రోగ్రాములు నేర్చుకోవాలన్నా కంప్యూటరు కావలసిందే. సొంత కంప్యూటరు ఉన్నవాడికి గంట ఆగితే టీ తాగి వస్తాడు. మనకు గంట ఆగితే ఇద్దరు ముగ్గురి వంతులు పోతాయి. అదే దరఖాస్తుకు ఆఖరి రోజైతే ఒక ఏడాదే పోవచ్చు. అందుకే ఇది మనకు చిన్న విషయం కాదు.

అసలు ఈ తనిఖీ ఏమిటి?

మన హాస్టలు స్టోరు రూమునే తీసుకోండి. బియ్యం, కందిపప్పు, నూనె ఎంత ఉన్నాయో స్టాకు రిజిస్టరులో రాసి ఉంటుంది. రిజిస్టరులో ఉన్నదీ, గదిలో ఉన్నదీ సరిపోతే అంతా సవ్యంగా ఉన్నట్లు. రిజిస్టరులో పది బస్తాలని ఉండి గదిలో తొమ్మిదే ఉంటే ఎక్కడో తేడా జరిగినట్లు. డిస్కు కూడా అంతే. ఏ ఫైలు ఎక్కడ ఉంది, ఏ గడి ఖాళీగా ఉంది అన్న వివరాలన్నీ రాసుకునే రిజిస్టరు పద్ధతినే ఫైల్ సిస్టమ్ అంటారు. ఆ రిజిస్టరునూ, అసలు డిస్కునూ పోల్చి చూసి, తేడా ఉంటే సరిచేసే ప్రోగ్రామును లినక్స్‌లో ఎఫ్‌ఎస్‌సీకే అంటారు.

లినక్స్‌లో బాగా వాడుకలోకి వచ్చిన ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ2. దీన్ని రెమీ కార్డ్ మొదలైనవారు 1993లో తయారుచేశారు. దీనికి పెద్ద లోపం ఒకటి ఉండేది. కంప్యూటరు నడుస్తుండగా కరెంటు పోతే, మళ్లీ ఆన్ చేసినప్పుడు మొత్తం డిస్కును మొదటి నుంచి చివరిదాకా తనిఖీ చేయాల్సి వచ్చేది. తరువాత స్టీఫెన్ ట్వీడీ ప్రధానంగా రూపొందించిన ఈఎక్స్‌టీ3, 2001 నవంబరులో లినక్స్ 2.4.15తో అందరికీ అందింది. ఇందులో జర్నల్ అనే చిత్తు పుస్తకం ఉంటుంది. చేయబోయే మార్పును ముందు అందులో రాసుకుంటారు. కరెంటు పోయి వచ్చినా ఆ చిత్తు పుస్తకం చూసి కొద్దిసేపట్లోనే సర్దుకోవచ్చు. దాని తరువాతిది ఈఎక్స్‌టీ4. అది 2008 డిసెంబరులో వచ్చింది. ఇప్పటి లినక్స్ కంప్యూటర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

మరి చిత్తు పుస్తకం ఉండగా పూర్తి తనిఖీ ఎందుకు? చిత్తు పుస్తకం కరెంటు పోవడాన్ని తట్టుకుంటుంది. డిస్కు పాడవుతున్నా, కేబులు వదులైనా, మెమరీలో దోషం ఉన్నా అది పసిగట్టలేదు. స్టోరు గదిలో ఎలుకలు చేరితే రిజిస్టరులో రాయవు కదా! అందుకే అప్పుడప్పుడూ గది తలుపు తీసి బస్తాలు లెక్కపెట్టాలి.

ఎప్పుడు వస్తుంది?

ఈఎక్స్‌టీ2, ఈఎక్స్‌టీ3 రోజుల్లో ఈ పూర్తి తనిఖీకి రెండు గడువులు ఉండేవి. మొదటిది ఎన్నిసార్లు ఆన్ చేశామన్న లెక్క. డిస్కును వాడకంలోకి తెచ్చిన ప్రతిసారీ ఒక అంకె పెరుగుతుంది. అది పరిమితిని చేరాక తరువాత ఆన్ చేసినప్పుడు తనిఖీ మొదలవుతుంది. ఆ పరిమితి 20 నుంచి 39 లోపు ఏదో ఒక సంఖ్య. అన్ని డిస్కులకూ ఒకే సంఖ్య పెడితే అన్నీ ఒకే రోజు తనిఖీకి వస్తాయని, డిస్కు గుర్తింపు సంఖ్యను బట్టి ఒక్కోదానికి ఒక్కో పరిమితి వచ్చేలా చేశారు. రెండో గడువు 180 రోజులు. ఈ రెండింటిలో ఏది ముందు వస్తే దాని ప్రకారం తనిఖీ జరుగుతుంది.

ఈ సంగతులు నాకు ఎలా తెలిశాయంటారా? ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. 2005లో స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తేగలిగిందంటే ఆ తలుపు తెరిచి ఉండబట్టే. చదవడానికి అనుమతి ఉన్నప్పుడు చదవకుండా ఖర్మ అనుకోవడం మనకు తగునా?

ఇంకో సంగతి. యంత్రం మనకు ముందుగా చెబుతూనే ఉంటుంది! తనిఖీకి కొద్ది సార్లే మిగిలినప్పుడు, ఇంకా ఇన్నిసార్ల తరువాత తనిఖీ ఉందని ఆన్ అవుతున్నప్పుడు ఒక వరస చూపిస్తుంది. కానీ ఆ వరస కనిపించకుండా ముందు రంగుల బొమ్మ ఒకటి అడ్డం వస్తుంది. అందుకే యంత్రం చెప్పినా మనం వినలేకపోతున్నాం.

స్క్రిప్టు ఏం చేయాలి?

స్క్రిప్టు అంటే కంప్యూటరు వరసగా చేయాల్సిన పనులను రాసి ఇచ్చే చీటీ. ట్యూన్2ఎఫ్‌ఎస్ అనే ఆదేశాన్ని ఎల్ అక్షరం చేర్చి ఇస్తే, అది డిస్కు జాతకమంతా తెర మీద పెడుతుంది. ఇది చదవడమే తప్ప దేన్నీ మార్చదు. ఆ వివరాల్లో మనకు కావలసినవి నాలుగు: మౌంట్ కౌంట్ అంటే ఇప్పటిదాకా ఎన్నిసార్లు, మాగ్జిమమ్ మౌంట్ కౌంట్ అంటే పరిమితి, లాస్ట్ చెక్డ్ అంటే గత తనిఖీ తేదీ, చెక్ ఇంటర్వెల్ అంటే రోజుల గడువు.

ఒక ఉదాహరణ చూద్దాం. పరిమితి 33. ఇప్పటికి 24. గత తనిఖీ జరిగి 12 రోజులు. అంటే రోజుకు సగటున రెండుసార్లు ఆన్ చేస్తున్నాం. ఇంకా మిగిలింది 9. రోజుకు రెండు చొప్పున నాలుగున్నర రోజులు. 180 రోజుల గడువు వైపు చూస్తే ఇంకా 168 రోజులుంది. రెండింటిలో తక్కువది తీసుకోవాలి. కాబట్టి తనిఖీ ఐదో రోజున రావచ్చు. ఐదో తరగతి పిల్లవాడు చేయగల భాగహారమిది! స్క్రిప్టు చేయాల్సిందల్లా ఆ నాలుగు వివరాలు ఏరుకుని, ఈ లెక్క చేసి, ‘ఈ కంప్యూటరుకు దాదాపు ఐదు రోజుల్లో తనిఖీ ఉంది’ అని తెలుగులో ఒక వాక్యం రాయడమే.

అయితే మన ప్రాంతంలో మూడు విషయాలు గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది కరెంటు. ఎండాకాలంలో కరెంటు రోజుకు నాలుగైదుసార్లు పోతే కంప్యూటరు అన్నిసార్లూ ఆన్ అవుతుంది. అంకె గబగబా పెరుగుతుంది. కాబట్టి స్క్రిప్టును నెలకోసారి నడిపితే చాలదు, రోజూ నడవాలి.

రెండోది వేసవి సెలవులు. హాస్టలు ఏప్రిల్ చివర్లో మూసి జూన్‌లో తెరుస్తారు. కంప్యూటరు ఆపేసి ఉన్నా 180 రోజుల గడువు ఆగదు. డిసెంబరు 15న తనిఖీ జరిగిందనుకోండి. లీపు సంవత్సరం కాకపోతే జూన్ 13కి 180 రోజులు నిండుతాయి. సరిగ్గా హాస్టలు తెరిచి, అడ్మిషన్లూ, స్కాలర్‌షిప్పు కాగితాలూ అంటూ అందరూ పరుగులు పెట్టే రోజులవి. ఈ లెక్క ముందే తెలిస్తే ఏప్రిల్‌లో తాళం వేసే ముందే తనిఖీ ముగించుకోవచ్చు.

మూడోది లోపలి గడియారం. పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీద చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు గత తనిఖీ ‘భవిష్యత్తులో’ జరిగినట్లు కనిపిస్తుంది! లెక్క తప్పుతుంది, ఒక్కోసారి ఆ కారణంగానే అనవసరమైన తనిఖీ మొదలవుతుంది. కాబట్టి స్క్రిప్టు ముందుగా తేదీ సవ్యంగా ఉందో లేదో చూడాలి. లేకపోతే బ్యాటరీ మార్చమని చెప్పాలి.

డిస్కులో నిజంగా తేడా వచ్చి, ఆ గుర్తు పడి వచ్చే తనిఖీని మాత్రం ఏ స్క్రిప్టూ ముందే చెప్పలేదు. అది వాన రాకడ లాంటిదే. మనం చెప్పగలిగేది గడువు ప్రకారం వచ్చేదాన్ని గురించే.

చెప్పి వస్తే అది తనిఖీయేనా?

ఇక్కడ మన హాస్టలు మిత్రులు ఒక ప్రశ్న వేస్తారు. తనిఖీ అంటే మనకు బాగా తెలుసు. అధికారి వస్తున్నాడని ముందు రోజు తెలిస్తే ఆ రోజు మరుగుదొడ్లు మెరుస్తాయి, సాంబారు చిక్కబడుతుంది. చెప్పకుండా వస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. మరి డిస్కు తనిఖీ మాత్రం చెప్పి రావాలని ఎందుకంటున్నావు అని.

మంచి ప్రశ్నే. మనుషులు నాటకమాడగలరు కాబట్టి మనుషుల మీద తనిఖీ చెప్పకుండా రావాలి. డిస్కు నాటకమాడదు. రేపు తనిఖీ ఉందని తెలిసినా అది తన తప్పులు దాచుకోలేదు. కాబట్టి చెప్పకుండా రావడం వల్ల ఒరిగేదేమీ లేదు, నష్టమే ఉంది. ఎలాగంటారా? పనివేళ వచ్చిపడిన తనిఖీని చూసి విసిగినవాడు రెండే పనులు చేస్తాడు. రీసెట్ బటన్ నొక్కుతాడు. దిద్దుబాటు మధ్యలో అలా ఆపితే ఉన్న తేడా మరింత పెరగవచ్చు. లేదా, ఈ పీడ మళ్లీ రాకుండా పరిమితిని సున్నా చేసి తనిఖీనే ఎత్తివేస్తాడు. అనుకోకుండా వచ్చే తనిఖీ తనిఖీకే శత్రువులను తయారుచేస్తుంది. ముందే తెలిసిన తనిఖీకి ఆదివారం మధ్యాహ్నం అందరూ ఒప్పుకుంటారు.

ఇప్పుడు అసలు రావడమే లేదు

ఇదంతా పాతకాలం మాట, మా కంప్యూటరులో ఆ నల్లతెర ఎన్నడూ చూడలేదు అని ఇప్పటి తమ్ముళ్లు, చెల్లెళ్లు అనవచ్చు. నిజమే. 2010 తరువాతి సంవత్సరాల్లో, కొత్తగా తయారుచేసే ఫైల్ సిస్టమ్‌లకు ఈ గడువు తనిఖీని మొదట్లోనే ఆపి ఉంచడం మామూలైంది. డిస్కులు పెద్దవై తనిఖీకి పట్టే సమయం పెరగడం, జర్నల్ మీద నమ్మకం కుదరడం, జనం విసుగు, అన్నీ కలిసి అలా జరిగింది. ఈ రోజు ట్యూన్2ఎఫ్‌ఎస్ అడిగి చూడండి. చాలా కంప్యూటర్లలో పరిమితి దగ్గర మైనస్ 1, గడువు దగ్గర 0 కనిపిస్తాయి. అంటే అధికారి ఇక ఎన్నటికీ రాడన్నమాట!

ఇది సంతోషించాల్సిన విషయమని నేను అనుకోను. కొత్త డిస్కు, మంచి యూపీఎస్, రోజూ నకలు తీసే ఏర్పాటు ఉన్నచోట అది సరిపోవచ్చు. మన దగ్గర ఉండేవి ఎవరో వాడి ఇచ్చిన పాత కంప్యూటర్లు, దుమ్ము, ఎండ, కరెంటు కోతలు. సరిగ్గా తనిఖీ ఎక్కువ అవసరమైన చోటే అది ఆగిపోయి ఉంది. గడువు తనిఖీని పూర్తిగా ఆపేముందు బాగా ఆలోచించుకోమని ట్యూన్2ఎఫ్‌ఎస్ మాన్యువల్‌లోనే హెచ్చరించారు.

కాబట్టి స్క్రిప్టు ఇంకొక ప్రశ్నకు కూడా జవాబివ్వాలి. తనిఖీ ఎప్పుడు వస్తుంది అన్నదానికి ముందు, అసలు వస్తుందా అని చూడాలి. రాదని తేలితే ఆ మాట స్పష్టంగా చెప్పాలి: ‘ఈ డిస్కును చివరిసారి చూసి 700 రోజులైంది, ఇక ఎవరూ చూడరు.’ అలాగే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైలులో ప్రతి డిస్కు వరసకూ చివర ఆరో గడి ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే పరిమితి ఎంత పెట్టినా ఆన్ చేసేటప్పుడు ఆ డిస్కు జోలికి ఎవరూ పోరు. దాన్నీ చూడాలి.

మన పత్తి చేలు మనకీ పాఠం ఎప్పుడో చెప్పాయి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి పంట పురుగు పాలై, అప్పుల్లో మునిగిన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు. ఆ తరువాత శాస్త్రవేత్తలు పదేపదే చెప్పిన మాట, చేలోకి దిగి ఆకు తిరగేసి చూడండి, లింగాకర్షక బుట్టలో ఎన్ని రెక్కల పురుగులు పడ్డాయో లెక్కపెట్టండి, ఆ లెక్కను బట్టి మందు కొట్టండి అని. చూడకుండా కొట్టడమూ తప్పే, చేలోకి దిగకపోవడమూ తప్పే. 2022లో జిల్లాలు విడిపోయి పల్నాడు, బాపట్ల పేర్లు వచ్చాయి గానీ ఆ నేలా అదే, ఆ పాఠమూ అదే. లెక్క ముందు, పని తరువాత.

మనం చేయగలిగింది

మాటలతో ఆపకుండా నాలుగు పనులు ప్రతిపాదిస్తున్నాను.

ఒకటి, ప్రతి హాస్టలు కంప్యూటరులో ఈ స్క్రిప్టు పెట్టాలి. రోజూ మొదటిసారి ఆన్ అయినప్పుడు అది తెలుగులో ఒక్క వాక్యం చూపాలి. కంప్యూటరు కోర్సు చదువుతున్న ఏ విద్యార్థి అయినా ఒక సాయంత్రంలో దీన్ని రాయగలడు. ఆ ఆదేశానికి నిర్వాహకుడి అనుమతి అవసరం కాబట్టి కంప్యూటరు బాధ్యత చూసేవారికి చెప్పి చేయాలి.

రెండు, ఆగిపోయిన గడువును మళ్లీ పెట్టాలి. ట్యూన్2ఎఫ్‌ఎస్‌తోనే పరిమితిని, రోజులను మనకు అనుకూలంగా మార్చుకోవచ్చు. గడువు దగ్గరపడిందని స్క్రిప్టు చెప్పగానే ఆ వారం ఆదివారం ఎంచుకుని, మౌంట్ కౌంట్ అంకెను పరిమితి కంటే పెంచి కంప్యూటరును మళ్లీ ఆన్ చేస్తే తనిఖీ అప్పుడే జరిగిపోతుంది. వచ్చేదాకా ఎదురుచూడటం కాదు, మనమే పిలుస్తామన్నమాట. ఒక్క జాగ్రత్త. వాడకంలో ఉన్న డిస్కు మీద దిద్దుబాటు తనిఖీ ఎప్పుడూ నడపకూడదు. స్టోరు రూములో సామాను తీస్తూ పెడుతూ ఉండగా బస్తాలు లెక్కపెట్టడం లాంటిది అది. ఉన్నదీ పాడవుతుంది.

మూడు, తనిఖీకి ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకో, పెన్‌డ్రైవులోకో నకలు తీయాలి. తనిఖీ రిజిస్టరును సరిచేస్తుంది గానీ పోయిన బియ్యాన్ని తెచ్చి పెట్టదు. తేదీ ముందే తెలిస్తే నకలు తీయడానికి వ్యవధి ఉంటుంది. స్క్రిప్టు వల్ల అసలు లాభం నా దృష్టిలో ఇదే.

నాలుగు, గోడ మీద ఒక కాగితం అంటించి గత తనిఖీ తేదీ, రాబోయే తేదీ, బాధ్యత ఎవరిదో రాయాలి. మెస్‌లో మెనూ బోర్డు పక్కనే ఉంటే మరీ మంచిది.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మీలో కొందరు హాస్టలుకు కంప్యూటర్లు బహూకరిస్తున్నారు. మీ మేలు మరువం. కానీ కంప్యూటరుతోపాటు ఒక గంట సమయం కూడా ఇవ్వండి. మీకు తెలిసిన ఈ విద్యను పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరికి నేర్పండి. యంత్రం నాలుగేళ్లు ఉంటుంది, నేర్పిన విద్య ఇంకో పదిమందికి చేరుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన ముందు తరాలకు లెక్కలు ఎవరో చెప్పేవారు. కూలి ఎంతో, అప్పు ఎంతో, వడ్డీ ఎంతో. పుస్తకం ఎదుటివాడి చేతిలో ఉండేది, వేలిముద్ర మాత్రం మనది. ఇవాళ పుస్తకం మన ముందు తెరిచి ఉంది. డిస్కు తనిఖీ లాంటి చిన్న లెక్కతోనైనా సరే, మీరు అడిగి, చదివి, తేల్చుకోవడం అలవాటు చేసుకోండి. నల్లతెర ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం మాని, నీ గడువు ఎప్పుడో చెప్పమని ఆ యంత్రాన్నే అడగండి. అది తప్పక చెబుతుంది.